‘బోర్డు పోయిందండి’ అంటే అసలు ఏం పోయినట్టు? ఫోన్ లోపలి పార్టులు, వాటి రోగాలు

ఈరోజు కొత్త ఫోన్ రివ్యూ ఏమీ లేదు. మన చేతిలో ఆల్రెడీ ఉన్న ఫోన్‌నే విప్పి చూద్దాం. లోపల ఏమేం ఉంటాయి, ఏది పాడైతే బయటికి ఏ లక్షణం కనిపిస్తుంది, అదీ టాపిక్. ఎందుకంటే ఫోన్ ఆన్ అవ్వకపోతే మనం అనే మాట ఒకటే, “ఫోన్ చచ్చిపోయింది”. కౌంటర్ అవతల నుంచి వచ్చే మాట కూడా చాలాసార్లు ఒకటే, “బోర్డు పోయిందండి”. ఈ రెండు మాటల మధ్యలో మన డబ్బులు పోతాయి. అంతకన్నా ముఖ్యంగా ఫోటోలు పోతాయి.

ఫోటోలు అని ఎందుకంటున్నానో చెప్తాను. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చేశాయి. చాలామంది కృష్ణా నది పొంగి ముంచేసింది అనుకుంటారు గానీ, ఆ కాలనీలని ముంచింది బుడమేరు. గండ్లు పడి ఊరి మీద పడింది. కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్లు తీయలేదు. తర్వాత ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్‌లో మునిగిన ఇంటికి 25 వేలు సాయం ప్రకటించింది. 25 వేలు పెడితే మంచి ఫోనే వస్తుంది. కానీ మునిగిపోయిన ఫోన్‌లో చనిపోయిన నాన్నగారి వాయిస్ మెసేజ్ ఉంటే? అది ఏ షాపులోనూ దొరకదు కదా. అందుకని ఈ ఎపిసోడ్‌లో ఎక్కువ టైమ్ నీళ్లకీ, బోర్డుకీ ఇస్తాను. మిగతా పార్టులు గబగబా చూసేద్దాం.

ముందు లోపలి మ్యాప్. వెనక మూత తీస్తే మధ్యలో పెద్దగా కనిపించేది బ్యాటరీ. దానికి పైన కెమెరాల పక్కన ఉండేది మెయిన్ బోర్డు, మదర్ బోర్డు అంటాం. కింద చార్జింగ్ పిన్ దగ్గర చిన్న ముక్క ఇంకోటి ఉంటుంది, దాన్ని సబ్ బోర్డు అంటారు, షాపుల్లో సీసీ బోర్డు అని కూడా అంటారు. ఈ రెండింటినీ కలుపుతూ బ్యాటరీ మీదుగా రిబ్బన్ లాంటి స్ట్రిప్ వెళ్తుంది. ముందు వైపు అంతా డిస్‌ప్లే. ఇక స్పీకర్లు, మైకులు, వైబ్రేషన్ మోటార్, వేలిముద్ర సెన్సార్, ఇవన్నీ చిన్న చిన్న స్ట్రిప్పులతో బోర్డుకి ఎక్కి ఉంటాయి. అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే, వీటిలో మెయిన్ బోర్డు తప్ప మిగతా అన్నీ తీసి కొత్తవి పెట్టొచ్చు. మీ డేటాకి ఏమీ కాదు. మెయిన్ బోర్డు సంగతి వేరు, దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు నీళ్లు. నీళ్లు తగలగానే ఫోన్ పోతుంది అనుకుంటాం. నిజానికి ఫోన్‌ని చంపేది నీళ్లూ కరెంటూ కలిసి చేసే పని. రాగి చెంబుకి చిలుము పడుతుంది చూశారా, ఆకుపచ్చగా? బోర్డు మీద ఉండేది కూడా రాగే. మామూలుగా చెంబుకి చిలుము పట్టడానికి రోజులు పడుతుంది. కానీ బోర్డు మీద ఒక పక్క బ్యాటరీ ప్లస్, వెంట్రుకంత దూరంలో గ్రౌండ్. మధ్యలో ఉప్పూ మురుగూ కలిసిన నీళ్లు. అప్పుడు ప్లస్ వైపు రాగి కరిగి అటు పక్కకి పాకడం మొదలుపెడుతుంది. రోజులు కాదు, గంటల్లో పని జరిగిపోతుంది. వరద నీళ్లలో డ్రైనేజీ కలిసి ఉంటుంది కాబట్టి అది శుభ్రమైన నీళ్లకన్నా బాగా కరెంటు పాస్ చేస్తుంది. తాగే నీళ్ల గ్లాసులో పడ్డ ఫోనూ, బుడమేరు నీళ్లలో మునిగిన ఫోనూ ఒకటి కాదు.

ఇందులో జనం మిస్ అయ్యే పాయింట్ ఒకటుంది. స్విచ్ఛాఫ్ చేసినా బోర్డుకి బ్యాటరీ కనెక్షన్ అలాగే ఉంటుంది. పాత ఫోన్లలో వెనక మూత తీసి బ్యాటరీ లాగేసేవాళ్లం, అదే సగం వైద్యం. ఇప్పుడు బ్యాటరీ లోపల అతికించేసి ఉంది. అందుకే తడిసిన ఫోన్‌కి మొదటి చికిత్స, వీలైనంత తొందరగా ఎవరితోనైనా మూత తీయించి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయించడం. ఆ కనెక్టర్ ఊడితే చిలుము స్పీడు బాగా పడిపోతుంది.

మరి బియ్యం డబ్బా? పెట్టకండి. బియ్యం గాలిలో తేమని కాస్త పీల్చుకుంటుందేమో గానీ, బోర్డు మీద రేకు మూతల కింద దాక్కున్న నీటిని బయటికి లాగలేదు. పైగా పిండి, నూక పోయి చార్జింగ్ పోర్టులో కూర్చుంటాయి. 2024 జనవరిలో ఆపిల్ కంపెనీ తన సపోర్ట్ పేజీలోనే ఐఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దు అని రాసింది. అసలు నష్టం ఏంటంటే, బియ్యంలో పెట్టాం కదా అని మనం రెండు రోజులు నిశ్చింతగా కూర్చుంటాం. ఆ రెండు రోజులూ లోపల చిలుము పని చేసుకుంటూనే ఉంటుంది.

హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు. వేడికి మూత కింద జిగురు మెత్తబడుతుంది, గాలి నీటిని ఇంకా లోపలికి నెడుతుంది. చేయాల్సింది ఇది. ఆఫ్ చేయండి, కవర్ తీయండి, సిమ్ ట్రే బయటికి లాగండి, గుడ్డతో తుడిచి చార్జింగ్ పోర్టు కిందికి ఉండేలా నిలబెట్టండి. చార్జర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. “ఆన్ అవుతుందేమో ఒకసారి చూద్దాం” అని పిన్ను గుచ్చుతాం చూడండి, బతికే ఫోన్లు ఎక్కువగా అక్కడే పోతాయి. వరదలో అయితే చుట్టూ షాపులూ మునిగిపోతాయి, కరెంటూ ఉండదు, నాలుగు రోజుల తర్వాత గానీ బయటికి రాలేం. అయినా సరే, ఎండిపోయింది కదా అని చార్జింగ్ పెట్టకుండా నేరుగా బోర్డు వాష్ చేసే మనిషి దగ్గరికే తీసుకెళ్లండి. ఎండినది నీళ్లు మాత్రమే, ఉప్పూ బురదా అక్కడే ఉన్నాయి.

బోర్డు వాష్ అంటే ఏంటంటే, బోర్డు బయటికి తీసి, రేకు మూతలు ఎత్తి, ఐపీఏ అనే స్పిరిట్ లాంటి ద్రావణంతో, మెత్తని బ్రష్‌తో కడగడం. కొందరి దగ్గర అల్ట్రాసోనిక్ టబ్బు ఉంటుంది, ఇంకా మంచిది. తర్వాత ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద చూస్తారు. రేకు మూతలు ఎత్తకుండా పైపైన బ్రష్ కొట్టి ఇచ్చేస్తే వాష్ చేసినట్టు కాదు. ఫోన్ అప్పటికి ఆన్ అయినా నెల తిరగకుండా మళ్లీ వస్తుంది.

“నా ఫోన్ ఐపీ68 కదా” అంటారు కొందరు. ఆ టెస్టు కొత్త ఫోన్‌కి, ల్యాబులో, మంచినీళ్లలో చేస్తారు. ఐపీ67 అంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలు, ఐపీ68 అంటే కంపెనీ చెప్పిన లోతూ టైమూ. రెండేళ్లు వాడి, ఒకసారి కింద పడేసి, ఒకసారి డిస్‌ప్లే మార్పించిన ఫోన్‌కి ఆ జిగురు సీలు ఎంతవరకు ఉంటుందో మీరే ఆలోచించండి. నీటి నష్టానికి వారంటీ వర్తించదు అని అదే కంపెనీ వారంటీ కాగితంలో చాలావరకు రాసే ఉంటుంది. సిమ్ ట్రే లోపల చిన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది చాలా మోడళ్లలో. నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు ముందు చూసేది అదే.

ఇక బోర్డు దగ్గరికి వద్దాం. మెయిన్ బోర్డు మీద ప్రాసెసర్ ఉంటుంది, చాలా ఫోన్లలో దాని నెత్తిన ర్యామ్ కూర్చుని ఉంటుంది. పక్కన స్టోరేజ్ చిప్, మీ ఫోటోలు ఉండేది అందులో. పవర్ ఐసీ, చార్జింగ్ ఐసీ, నెట్‌వర్క్ ఐసీలు ఉంటాయి. వీటి చుట్టూ ఆవగింజకన్నా చిన్న కెపాసిటర్లు వందల్లో ఉంటాయి. “బోర్డు డెడ్” అన్న ఫోన్లలో చాలావాటికి పోయేది ఆ వందల్లో ఒక్క కెపాసిటర్. అది లోపల కాలిపోయి మెయిన్ సప్లై లైన్‌ని గ్రౌండ్‌కి కలిపేస్తుంది, దాన్నే షార్టింగ్ అంటారు. పవర్ మొత్తం అక్కడే కారిపోతుంటే ఫోన్ ఎలా ఆన్ అవుతుంది? మెకానిక్ తెలిసినవాడైతే డీసీ సప్లై పెట్టి, ఎంత కరెంటు తాగుతుందో చూస్తాడు. పవర్ బటన్ నొక్కకముందే మీటర్ లేచిందంటే షార్టింగ్ ఉన్నట్టే. తర్వాత ఏ ముక్క వేడెక్కుతుందో వెతుకుతాడు. రోజిన్ పొగ పట్టిస్తే బోర్డంతా తెల్లగా అవుతుంది, వేడెక్కిన చోట ఆ తెలుపు కరిగిపోతుంది. ఆ ముక్క తీసేస్తే చాలాసార్లు ఫోన్ లేస్తుంది. సాయంత్రం కూర్చుంటే అయ్యే పని, కానీ ఓపికా చెయ్యీ ఉండాలి.

ఆ ఓపిక లేని చోట వినిపించే మాట, “బోర్డు మార్చేద్దాం, సేమ్ మోడల్ పాత బోర్డు ఉంది”. ఇక్కడ ఆగండి. బోర్డు మార్చారంటే మీ స్టోరేజ్ చిప్ పోయినట్టే. “ఆ చిప్ తీసి కొత్త బోర్డు మీద అతికిస్తే?” అని అడుగుతారు, మంచి ప్రశ్న. ఒకప్పుడు పనిచేసేది. ఇప్పుడు పనిచేయదు. ఎందుకంటే ఫోన్‌లో డేటా మొత్తం తాళం వేసి ఉంటుంది, ఎన్‌క్రిప్షన్ అంటాం. ఐఫోన్లలో ఎప్పటినుంచో ఉంది, 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చాక ఆ వెర్షన్‌తో వచ్చే కొత్త ఫోన్లన్నిటికీ తప్పనిసరి అయింది. ఆ తాళంచెవి తయారవడానికి మీ పిన్ నంబరూ కావాలి, ఆ ప్రాసెసర్ లోపల ఫ్యాక్టరీలోనే దాచిన రహస్య సంఖ్యా కావాలి. అంటే ఆ ప్రాసెసర్, ఆ స్టోరేజ్ చిప్, మీ పిన్, ఈ మూడూ కలిస్తేనే ఫోటో తెరుచుకుంటుంది. చిప్ ఒక్కటే తీసి చదివితే వచ్చేది అర్థంలేని అంకెల చెత్త.

కాబట్టి మీకు ఫోన్ కావాలా, డేటా కావాలా అనేది షాపు మెట్లు ఎక్కకముందే తేల్చుకోండి. డేటా కావాలంటే అడగాల్సిన మాట వేరు. “అన్నా, ఫోన్ బాగవ్వక్కర్లేదు, ఈ బోర్డు ఒక్క గంట ఆన్ అయితే చాలు, ఫోటోలు తీసుకుంటాను” అని చెప్పండి. అప్పుడు అతను కెమెరా, స్పీకర్ గురించి కంగారు పడడు, పవర్ లైన్ మీదే కూర్చుంటాడు. ఆ షాపులో బోర్డు పని రాకపోతే ఫోన్ వెనక్కి తీసుకుని ఇంకో చోటికి వెళ్లండి, విజయవాడ ఎంత దూరం మనకి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, రాని చేతులతో హాట్ ఎయిర్ గన్ ఆ ప్రాసెసర్ మీద పెట్టించొద్దు. దాని కింద టంకం బంతులు ఒక్కటి జారినా ఇంక ఆ తాళం తీయడం దాదాపు అవ్వదు.

సరే, పెద్ద రోగం అయిపోయింది. ఇప్పుడు రోజూ వచ్చే చిన్నవి.

చార్జింగ్ ఎక్కట్లేదు. ఇందులో సగం కేసులు జేబులో దూదే. ప్యాంటు జేబులో నూగు పోర్టులోకి వెళ్లి, మనం పిన్ను గుచ్చిన ప్రతిసారీ గట్టిపడి, అట్టలాగా తయారవుతుంది. కేబుల్ పూర్తిగా లోపలికి దిగట్లేదు, వదులుగా ఊగుతోంది అంటే అదే. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీరండి, సూది వాడకండి. టైప్-సీలో 24 కాంటాక్టులు ఉంటాయి, సూది తగిలితే వంగిపోతాయి. అయినా ఎక్కకపోతే వేరే కేబుల్, వేరే చార్జర్, ఒకటి మార్చి ఒకటి చూడండి. రెండూ ఒకేసారి మార్చేస్తే తప్పు ఎవరిదో తెలియదు, కోడ్ డీబగ్గింగ్‌లో కూడా ఇదే రూల్. వైర్‌లెస్ చార్జింగ్ ఉన్న ఫోన్ అయితే దాని మీద పెట్టి చూడండి. అక్కడ ఎక్కుతోందంటే తప్పు పోర్టుదీ, సబ్ బోర్డుదీ. మెయిన్ బోర్డు జోలికి పోనక్కర్లేదు.

సబ్ బోర్డు మార్చారు, చార్జింగ్ ఎక్కుతోంది కానీ ఫాస్ట్ చార్జింగ్ పోయింది. ఇది చాలా కామన్. లోకల్ సబ్ బోర్డుల్లో చార్జర్‌తో మాట్లాడే భాగం లేకుండా వస్తాయి కొన్ని. ఇంకో లక్షణం, సబ్ బోర్డు మార్చిన దగ్గర్నుంచి సిగ్నల్ తగ్గింది. యాంటెన్నా వైరు ఒకటి సన్నగా నల్లగా కింద నుంచి పైకి వెళ్తుంది, దాని చివర బొత్తాం లాగా ‘టిక్’ మని కూర్చోవాలి. హడావుడిలో సరిగా నొక్కకుండా మూత పెట్టేస్తారు. తిరిగి తీసుకెళ్లండి, రెండు నిమిషాల పని, దానికి మళ్లీ డబ్బులు ఇవ్వక్కర్లేదు.

మన కైకలూరు వైపు చెరువుల మీద పనిచేసేవాళ్లకి ఇంకోటి, “పోర్టులో తేమ ఉంది” అని మెసేజ్ వచ్చి చార్జింగ్ ఆగిపోవడం. అది పాడవడం కాదు, ఫోన్ తనని తాను కాపాడుకుంటోంది. తడి చేతులతో గుచ్చకండి, ఆరనివ్వండి. ఎండిన తర్వాత కూడా రోజూ అదే మెసేజ్ వస్తుంటే మాత్రం కాంటాక్టులకి చిలుము పట్టినట్టు.

డిస్‌ప్లే. ఫోన్ మోగుతోంది, వైబ్రేట్ అవుతోంది, కానీ బొమ్మ లేదు. ఇది “చచ్చిన ఫోన్” కాదు, డిస్‌ప్లే పోయిన ఫోన్. వేరే నంబర్ నుంచి కాల్ చేసి చూస్తే తెలిసిపోతుంది. పై గ్లాసు మాత్రమే పగిలి బొమ్మా టచ్చూ బాగుంటే గ్లాసు ఒక్కటే మార్చే మెషీన్లు ఉన్నాయి, కానీ ఆమోలెడ్ ప్యానల్ పల్చగా ఉంటుంది కాబట్టి విడదీసేటప్పుడు పోయే రిస్కు ఉంది, ముందే మాట్లాడుకోండి. మొత్తం మారిస్తే కాంబో అంటారు. ఆమోలెడ్ ఫోన్‌కి చవకలో ఎల్‌సీడీ కాంబో వేసేస్తారు కొన్నిచోట్ల. ఎలా పట్టుకోవాలి? చీకటి గదిలో నల్ల ఫోటో పెట్టండి, వెనక నుంచి వెలుతురు బూడిద రంగులో కనిపిస్తే అది ఎల్‌సీడీ. స్క్రీన్ లోపల వేలిముద్ర ఉన్న ఫోన్ అయితే అదీ పనిచేయడం మానేస్తుంది. తెలిసి చవకగా వేయించుకుంటే తప్పులేదు, ఒరిజినల్ రేటు కట్టి వేయించుకోకూడదు అంతే.

పచ్చ గీత సంగతి అందరికీ తెలుసు. స్క్రీన్ మీద పైనుంచి కిందికి ఒక సన్న లైన్. ఆ వరుస పిక్సెళ్లకి సిగ్నల్ తెచ్చే అతుకు దగ్గర తేడా వచ్చిందన్నమాట. ఫార్మాట్ కొడితే పోదు. కొన్ని కంపెనీలు మన దేశంలో కొన్ని మోడళ్లకి వారంటీ దాటినా ఉచితంగా స్క్రీన్ మార్చాయి. కాబట్టి బయట మార్పించే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి. బయట ఒకసారి విప్పారంటే ఆ చాన్సు పోతుంది.

బ్యాటరీ. 30 శాతం ఉండగానే ఆఫ్ అయిపోతుంది, కెమెరా తెరవగానే రీస్టార్ట్, చార్జర్ పెట్టి ఉంచితే మాత్రం బాగానే ఉంటుంది. ఈ మూడూ కలిస్తే ముందు అనుమానించాల్సింది బ్యాటరీనే. మామూలుగా 500 నుంచి 800 ఫుల్ చార్జింగుల తర్వాత ఓపిక తగ్గుతుంది. మన రోహిణి కార్తె ఎండల్లో బండి మీద మ్యాప్ పెట్టుకుని, పవర్ బ్యాంకు గుచ్చి నడిపితే ఇంకా ముందే. వెనక మూత లేచినా, స్క్రీన్ అంచు ఎత్తుగా వచ్చినా బ్యాటరీ ఉబ్బినట్టు. లోపల గ్యాస్ అది. నొక్కి సరిచేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, ఆ రోజే తీయించేయండి. కొత్తది కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ గుర్తూ, ఐఎస్ 16046 అనే నంబరూ ఉన్నాయా చూడండి.

సౌండ్ కంప్లయింట్లలో చాలావాటికి పార్టు పోదు. కాల్‌లో అవతలివాళ్లు చిన్నగా వినిపిస్తున్నారంటే పైన ఇయర్ స్పీకర్ జాలీలో దుమ్ము. మన మాట వాళ్లకి వినపడట్లేదంటే, మామూలు కాల్‌లో ఒకసారి, లౌడ్ స్పీకర్ పెట్టి ఒకసారి చూడండి. ఫోన్‌లో రెండు మైకులు ఉంటాయి, ఒకదాంట్లో వినిపించి ఇంకోదాంట్లో వినపడకపోతే పోయింది ఒక మైకే. కాల్‌లో స్క్రీన్ నల్లగా అయ్యి మళ్లీ రావట్లేదంటే, కొత్తగా వేసిన టెంపర్డ్ గ్లాస్ సెన్సార్‌ని మూసేసిందేమో చూడండి. సామ్‌సంగ్ వాళ్లు *#0*# కొడితే, షావోమీ వాళ్లు *#*#6484#*#* కొడితే టెస్ట్ మెనూ వస్తుంది. ఒక్కో పార్టూ మీరే చెక్ చేసుకోవచ్చు.

కెమెరాలో బొమ్మ వణుకుతోంది, లోపల ‘గర్ర్’ మని శబ్దం. బండి హ్యాండిల్‌కి ఫోన్ బిగించుకుని తిరిగేవాళ్లలో ఇది చూస్తాం. చేయి వణికినా ఫోటో కదలకుండా లెన్సుని పట్టే చిన్న యంత్రం ఉంటుంది లోపల, ఇంజిన్ వైబ్రేషన్‌కి అది దెబ్బతింటుంది. పెద్ద ఇంజిన్ బైకుల గురించి ఆపిల్ 2021లోనే హెచ్చరిక రాసింది. కెమెరా ఒక్కటే మారిస్తే సరిపోతుంది.

చివరిగా షాపులో ఏం చేయాలి. ఫోన్ ఆన్‌లో ఉంటే ఇచ్చే ముందు *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్లు ఫోటో తీసుకోండి, డెడ్ అయితే బాక్స్ మీదో బిల్లు మీదో ఉంటాయి. ఐఎంఈఐ ఉండేది మెయిన్ బోర్డులో. రిపేర్ అయ్యాక మళ్లీ కొట్టి చూస్తే నంబరు వేరేగా వచ్చిందా, మీకు చెప్పకుండా బోర్డు మార్చారు. పైగా ఆ వచ్చిన బోర్డు ఏ దొంగ ఫోన్‌దో మనకి తెలియదు. కేవైఎం అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ 15 అంకెలూ టైప్ చేసి 14422కి ఎస్ఎంఎస్ పెడితే ఆ ఫోన్ వివరం వస్తుంది, బ్లాక్ లిస్టులో ఉంటే అదీ తెలుస్తుంది. స్క్రీన్ పిన్ కాగితం మీద రాసి ఇవ్వకండి, సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి, ఆన్ చేసి ఇవ్వండి. ఏ పార్టు మార్చినా పాతది అడిగి తీసుకోండి. ఉబ్బిన బ్యాటరీ ఒక్కటి తప్ప, అది ఇంటికి తేవద్దు.